టౌన్ ప్లానింగ్‌లో చేరబోతున్న అమ్మాయికి పెద్దమ్మ ఉత్తరం

చిట్టితల్లికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ ఉత్తరం చదివాను. ప్లానింగ్ డిగ్రీ పూర్తయింది, హైదరాబాదులో ఒక కన్సల్టెన్సీ మంచి జీతం ఇస్తానంటోంది, ఇంకోపక్క మన ఆంధ్రప్రదేశ్‌లోనే మున్సిపాలిటీలో టౌన్ ప్లానింగ్ బిల్డింగ్ ఓవర్సీర్ పోస్టుకు ఎంపికయ్యావు. ఏది పట్టుకోవాలో తోచడం లేదన్నావు. మీ అమ్మ ఏం చెప్పి ఉంటుందో ఊహించగలను. ఎక్కువ జీతం, ఎండలో తిరగక్కర్లేని ఉద్యోగం. తల్లిగా ఆమె ఆలోచన తప్పు కాదు. నా మాట మాత్రం మున్సిపాలిటీలో చేరమనే.

కారణం చెబుతాను. కన్సల్టెన్సీలో పటం తయారుచేసి అప్పగించాక నీ పని అయిపోతుంది. మున్సిపాలిటీలో అయితే ఆ పటం వల్ల ఇల్లు పోయేవాడు, దారి దొరికినవాడు, అనుమతి ఆగినవాడు మర్నాడు పొద్దున్నే నీ బల్ల ముందు నిలబడతారు. ఈ పని నాకు ఒంటబట్టింది అలాంటివాళ్ల దగ్గరే. అక్కడ కొన్నేళ్లు చేశాక కన్సల్టెన్సీకి వెళ్లాలనిపిస్తే వెళ్లు, నీ మాటకు విలువ ఉంటుంది. అటునుంచి ఇటు రావడమే కష్టం.

నా సర్వీసులో ఎక్కువ భాగం టౌన్ ప్లానింగ్‌లో, కొంతకాలం బస్తీల బాగోగులు చూసే పట్టణ సామాజికాభివృద్ధి విభాగంలో గడిచింది. రెండు చోట్లా పనిచేసినదాన్ని కాబట్టి గట్టిగా చెప్పగలిగేది ఇది: పటం మీద గీత పడకముందే జనం దగ్గరికి వెళ్లాలి. గీత పడ్డాక వెళితే అది అడగడం అవదు, నచ్చజెప్పడం అవుతుంది. ఆ తేడా వాళ్లు మొదటి మాటలోనే పసిగడతారు.

2023 జనవరిలో కామారెడ్డిలో ఏం జరిగిందో గుర్తుందా? పట్టణం ముందుముందు ఎలా పెరగాలో చెప్పే మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో తమ పంట పొలాలు పారిశ్రామిక జోన్‌లో, కొత్త రోడ్లలో పడ్డాయని తెలిసి చుట్టుపక్కల గ్రామాల రైతులు రోడ్డెక్కారు. ఒక రైతు ఆత్మహత్య చేసుకున్నాడు. కలెక్టరేట్ ముందు ఆందోళన, బంద్ అన్నీ అయ్యాక, అదే నెలలో మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను వెనక్కి తీసుకుంటూ తీర్మానం చేసింది. జగిత్యాలలోనూ అదే పరిస్థితి వచ్చింది. ముసాయిదా ప్రకటించడం, అభ్యంతరాలు కోరడం, గడువు ఇవ్వడం అన్నీ చట్టంలో ఉన్నవే. నోటీసు బోర్డు మీద పటం పెడితే చట్టానికి సరిపోతుంది, రైతుకు సరిపోదు. ఆ పటంలో తన సర్వే నంబరు ఎక్కడుందో అతనికి కనిపించదు. పొలం మీద పరిశ్రమల గుర్తైన ఊదా రంగు పడిందంటే అర్థం ఏమిటో, బ్యాంకు అప్పు దొరుకుతుందో లేదో, కూతురి పెళ్లికి రెండు కుంటలు అమ్ముకోవచ్చో లేదో చెప్పే మనిషి ఉండడు. అప్పుడు పుకారే పటం అవుతుంది.

నీకు అలాంటి పని అప్పగిస్తే ముసాయిదా ఖరారు కాకముందే సర్వే నంబర్లు, వాగులు, గుడి, బడి, శ్మశానం గుర్తులున్న పెద్ద పటాలు గ్రామంవారీగా అచ్చు వేయించు. పంచాయతీ కార్యాలయంలో, రచ్చబండ దగ్గర నేల మీద పరిచి, ప్రతి రైతునూ తన పొలం మీద వేలు పెట్టమను. తర్వాత మాట్లాడు. రోడ్డు ఎందుకు కావాలో అప్పుడు చెబితే వింటారు. ఇటునుంచి కాకుండా చెరువు కట్ట పక్కనుంచి పోనివ్వమని వాళ్లే దారి చూపిస్తారు. అందరూ ఒప్పుకుంటారని చెప్పను. ఒప్పుకోనివాళ్ల మాట కూడా పేరుతో, సర్వే నంబరుతో రాసుకుని ఫైలులో పెట్టాలి. ఎందుకు ఆమోదించలేదో కారణం ఒక వాక్యంలోనైనా రాయాలి. ‘పరిశీలించబడినది’ అని రాసి వదిలేయడం నాకు ఎప్పుడూ నచ్చలేదు.

సమావేశాలు పెట్టే విద్య నీకు కళాశాలలో చెప్పి ఉండరు. బస్తీలో ముందు వేళ చూసుకోవాలి. కుళాయి వచ్చే వేళకు పెడితే ఆడవాళ్లు రారు, వచ్చినా మనసు బిందెల మీదే ఉంటుంది. పొద్దున పదకొండింటికి పెడితే పనులకు పోయినవాళ్లు ఉండరు, పనిలేని నాయకులే ముందు వరసలో కూర్చుంటారు. సాయంత్రం ఇళ్లకు చేరాక, అంగన్‌వాడీ గదిలో పెట్టుకో. అందరికీ చాపలే వెయ్యి. నాలుగు కుర్చీలు వేయించావంటే ఆ నలుగురే మాట్లాడతారు.

ఒక బస్తీలో సామూహిక మరుగుదొడ్లు కట్టించి చాలాకాలమైనా ఎవరూ వాడడం లేదని మా దగ్గరికి ఫైలు వచ్చింది. ప్రజల్లో అవగాహన లేదని దాని మీద రాసి ఉంది. మేం కొలతల పటం గోడకు తగిలించి అడిగితే ఎవరూ నోరు విప్పలేదు. నేల మీద ముగ్గుపిండితో మీ బస్తీ మీరే వేసి చూపించండి అన్నాం. బోరింగు దగ్గర మొదలుపెట్టారు, ఉత్తరం దక్షిణం వాళ్లకు అక్కర్లేకపోయింది. ఒక పెద్దావిడ మరుగుదొడ్లకు వెళ్లే సందు మీద గుప్పెడు చింతగింజలు పోసి, ‘చీకటి పడితే ఇక్కడ ఆడపిల్లలు నడవరమ్మా’ అంది. సందు మొదట్లో కల్లు దుకాణం, చివరిదాకా ఒక్క దీపం లేదు. మా పటంలో అది ఎనిమిది అడుగుల దారి, అంతే. దీపాలు వేయించి, రెండో వైపు గోడలో ద్వారం తెరిపించాక ఆ మరుగుదొడ్లు వాడుకలోకి వచ్చాయి. ‘అవగాహన లేదు’ అని ఫైలులో ఎక్కడ కనిపించినా నువ్వు ఒకసారి ఆ చోటికి వెళ్లి చూసిరా.

ఇది కొత్త పద్ధతేమీ కాదు. హైదరాబాద్ నగరపాలక సంస్థలో 1967లోనే పట్టణ సామాజికాభివృద్ధి ప్రాజెక్టు మొదలైంది. బస్తీవాళ్లతో సంఘాలు పెట్టించి, స్థలాలకు పట్టాలు, బ్యాంకు రుణాలు ఇప్పించి, ఎవరి ఇల్లు వాళ్లే కట్టుకునేలా చూశారు. ఆ పద్ధతి చూడడానికి బయటినుంచి చాలామంది వచ్చేవారు. ఇప్పుడు ఆ బాధ్యతలో చాలా భాగం 2007లో ఏర్పడిన మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) చూస్తోంది. స్వయం సహాయక సంఘాలు, వాటి మీద స్లమ్ సమాఖ్య, పైన పట్టణ సమాఖ్య ఉంటాయి. రిసోర్స్ పర్సన్‌గా పనిచేసే మహిళకు ఏ ఇంట్లో ఎవరున్నారో, ఎవరు అద్దెకున్నారో, ఎవరి గోడ కూలేలా ఉందో తెలుసు. మెప్మా, టౌన్ ప్లానింగ్ తరచూ ఒకే భవనంలో ఉంటాయి. అయినా ఒకరి గదిలోకి ఒకరు అడుగుపెట్టడం అరుదు. నువ్వు పెట్టు. వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శులనూ కింది ఉద్యోగులుగా చూడకు. వీధి వాళ్లకు తెలిసినంతగా నీకు తెలియడానికి ఏళ్లు పడుతుంది.

చేరాక వచ్చే మొదటి వర్షాకాలం చాలా విలువైనది. కురిసి వెలిసిన గంటలో బయలుదేరి నడువు. ఇళ్ల గడపలు చూడు. రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోయిన వీధుల్లో పాత ఇళ్లు పల్లంలో పడి ఉంటాయి. గుమ్మానికి అడ్డంగా అడుగు ఎత్తున సిమెంటు కట్ట కనిపిస్తే అక్కడ నీళ్లు లోపలికి వస్తున్నట్టే. గోడల మీద చెమ్మ గీత ఏ ఎత్తున ఉందో ఫోటో తీసి, తేదీ వేసి, వార్డు పటంలో గుర్తుపెట్టు. నీరు పల్లమెరుగు అంటారు. పల్లం ఎక్కడుందో మనమూ ఎరిగి ఉండాలి. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదులో వేలమందిని పొట్టనపెట్టుకున్నాక మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన నది ఒడ్డున గోడలతో సరిపెట్టకుండా ఎగువన నీరు నిలిపే ఆలోచన చేశారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా వచ్చాయి. అదే 2024 సెప్టెంబరులో విజయవాడ చూడు. బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడి సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. వాగు దారిలో, చెరువు నీరు నిలిచే శిఖంలో కట్టడానికి అనుమతి కోరుతూ నీ ముందుకు దరఖాస్తు వస్తుంది. అప్పుడు ఆ కాలనీల్లో మేడల మీద పాలప్యాకెట్ల కోసం ఎదురుచూసిన పసిపిల్లల తల్లులను తలుచుకో. ఈ విషయంలో మెత్తబడవద్దని నిన్ను బతిమాలుతున్నాను.

లేఅవుట్ల సంగతి కూడా అంతే ముఖ్యం. ఆంధ్రప్రదేశ్ నిబంధనల ప్రకారం లేఅవుట్‌లో కనీసం 10 శాతం స్థలం ఖాళీగా వదిలి, రోడ్లతో సహా మున్సిపాలిటీకి గిఫ్ట్ డీడ్ చేసి ఇవ్వాలి. కాగితం మీద పార్కు ఉంటుంది. పదేళ్ల తర్వాత వెళ్తే అక్కడ షెడ్డో, ఎవరి ఇంటి మెట్లో, ఇంకో ప్లాటు నంబరో ఉంటుంది. నీ పరిధిలోని పాత లేఅవుట్ల ఫైళ్లు ఒక్కొక్కటే తీయించు. డీడ్ రిజిస్టర్ అయిందా, ఆస్తుల రిజిస్టరులో ఎక్కిందా, కంచె ఉందా చూడు. లేనిచోట కాలనీ సంఘాన్ని పిలిచి ఆ పటం నకలు వాళ్ల చేతిలో పెట్టు. తమ పిల్లలు ఆడుకునే స్థలం ఎంతో తెలిశాక కాపలా వాళ్లే కాస్తారు. ఎవరూ నిన్ను చేయమని అడగని పని ఇది. అందుకే ముందు చేయమంటున్నాను.

వీధి వ్యాపారుల విషయంలో ఒక్క మాట. ఫుట్‌పాత్ ఖాళీ చేయించమని ఒత్తిడి వస్తుంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ముందు సర్వే పూర్తిచేసి, ధ్రువపత్రాలు ఇచ్చేదాకా వాళ్లను తొలగించకూడదు. వాళ్ల విషయాలు చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు మహిళలు. ఆ పేజీలు దగ్గర పెట్టుకుని మాట్లాడు.

ఒత్తిళ్ల గురించి భయపడుతూ అడిగావు. వస్తాయి. అనుమతి రెండంతస్తులకు తీసుకుని నాలుగు వేసినవాడు వస్తాడు, అతని తరఫున ఫోన్లు వస్తాయి. ఎవరితోనూ గొంతు పెంచకు. తనిఖీకి వెళ్లినరోజే నివేదిక రాసెయ్యి, కొలతలు, ఫోటోలు జతచెయ్యి. నోటిమాటగా ఎవరైనా ఆదేశం ఇస్తే, ‘ఫలానా తేదీన ఫలానావారు మౌఖికంగా తెలిపిన మేరకు’ అని నోట్ ఫైల్‌లో రాసి పైకి పంపు. సగం ఆదేశాలు అక్కడే ఆగిపోతాయి. మిగతావాటికి బాధ్యులెవరో కాగితమే చెబుతుంది. బిల్డర్ కారులో తనిఖీకి వెళ్లకు, వాళ్ల టీ కూడా వద్దు. అమ్మాయివని తోడు పంపుతామంటే మీ విభాగం నుంచే మనిషిని అడుగు.

పైకి ఎదగాలని రాశావు, ఆ కోరిక మంచిదే. అందుకు బడ్జెట్ చదవడం నేర్చుకోవాలి. ఆస్తి పన్ను ఎంత వస్తుంది, ఖాళీ స్థలాల పన్ను ఎంత బకాయి ఉంది, ఆర్థిక సంఘం నిధుల్లో తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాల్సింది ఎంత, కేంద్రం పట్టణాలకిచ్చే అమృత్ పథకంలో ఏ పని ఎక్కడ ఆగింది, ఇవన్నీ తెలిసిన ప్లానర్ మాట కమిషనర్ వింటారు. ఏ పద్దు కింద డబ్బు వస్తుందో చెప్పలేని ప్రణాళికను కౌన్సిల్ చప్పట్లు కొట్టి పక్కన పెడుతుంది. కట్టడంతో పాటు నిర్వహణ ఖర్చు ఎవరిదో అదే నోట్‌లో రాయి. పట్టణ స్థానిక సంస్థలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. దానితో చేర్చిన పన్నెండో షెడ్యూలులోని 18 అంశాల్లో మొదటిది పట్టణ ప్రణాళికే. నిజానికి ఆ అధికారంలో చాలా భాగం పట్టణాభివృద్ధి సంస్థల చేతుల్లో ఉండిపోయింది. అది నాకు ఇప్పటికీ బాధే. కౌన్సిలర్లకు చదువు తక్కువని చిన్నచూపు చూసే అధికారులను చూశాను. వార్డులో ఓటు అడిగి గెలిచిన మనిషికి తెలిసిన విషయాలు వేరు. తీర్మానం పెట్టేముందు వాళ్ల దగ్గర కూర్చుని పటం వివరించు. కౌన్సిల్ గడువు ముగిసి ప్రత్యేకాధికారి పాలన ఉన్న రోజుల్లో అయితే జనం మాట వినే బాధ్యత నీ మీద ఇంకా ఎక్కువ పడుతుంది.

వీలు చూసుకుని మాస్టర్స్ చెయ్యి. విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది, హైదరాబాదులో జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం) ఉంది. టౌన్ ప్లానర్ల సంస్థ ఐటీపీఐలో సభ్యత్వం తీసుకో. మొత్తం పట్టణాన్ని నడపాలన్న కోరిక ఉంటే గ్రూప్-2 రాసి గ్రేడ్-3 కమిషనర్‌గా వెళ్లే దారి కూడా ఉంది. తొందరలేదు, ముందు వీధులు తెలియనీ.

పోస్టింగ్ ఉత్తర్వు రాగానే ఆ పట్టణం మాస్టర్ ప్లాన్ నకలు, జోనింగ్ నిబంధనలు, గత మూడేళ్ల బడ్జెట్ పుస్తకాలు సంపాదించు. వాటితో రెండు రోజులు మా ఇంటికి రా, కలిసి చదువుదాం. మీ అమ్మతో నేను మాట్లాడతాను, ఆ భారం నాకు వదిలెయ్యి. ఎండలో తిరగడానికి మంచి చెప్పులు కొనుక్కో.

ఆశీస్సులతో,
పెద్దమ్మ