పాత ఇంగ్లీషును తెలుగు చేస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన అనువాదం రెండుసార్లు చదివాను. వాక్యం నీకు బాగానే పట్టుబడింది. నా దిగులంతా ఒక్క మాట గురించే. పన్నెండు పేజీల్లో 'న్యాయం' ముప్ఫైసార్లకు పైగా వచ్చింది. మూలంలో ఆ చోట్ల ఆరేడు వేరువేరు మాటలున్నాయి.

'డూమ్' దగ్గర మాత్రం 'వినాశనం' అని రాశావు. అది చూడగానే నా మొదటి పుస్తకం గుర్తొచ్చింది. 'రాజు డూమ్ ఇచ్చాడు' అన్నదాన్ని నేను 'రాజు శపించాడు' అని రాసి అచ్చుకిచ్చేశాను. ఒక రిటైర్డ్ మాస్టారు కార్డు రాశారు, శాపం కాదు బాబూ, తీర్పు అని. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది. పాత ఇంగ్లీషులో డూమ్ అంటే తీర్పు, చట్టం. 9వ శతాబ్దపు ఆల్ఫ్రెడ్ రాజు చట్టాల సంపుటిని డోమ్‌బోక్ అంటారు, తీర్పుల పుస్తకమని. 1086లో విలియం రాజు ఊరూరా భూముల లెక్క రాయిస్తే, జనం దాన్ని డూమ్స్‌డే బుక్ అన్నారు. డూమ్స్‌డే అంటే లోకం ముగిసేటప్పుడు దేవుడు అందరికీ తీర్పు చెప్తాడని క్రైస్తవులు నమ్మే చివరి తీర్పు రోజు. ఆ రోజున పడే తీర్పుకి తిరుగు లేనట్టే, అందులోకెక్కిన లెక్కకీ తిరుగు లేదని. ఆ చివరి తీర్పు భయమే పోనుపోను డూమ్‌కి వినాశనం అన్న అర్థం తెచ్చిపెట్టింది.

ఇక నువ్వు 'పరిహార న్యాయం' అన్న 'బోట్', అంటే చేసిన నష్టానికి కట్టే సొమ్ము. ఇక్కడ కాస్త ఆగు. 600 ప్రాంతంలో ఇంగ్లండులోని కెంట్ అనే చిన్న రాజ్యపు రాజు ఎథెల్‌బర్ట్ చేసిన చట్టం ఇంగ్లీషులో మనకు దొరికిన చట్టాలన్నిటికంటే పాతది. అది చదువుతుంటే ధరల పట్టీ చదివినట్టుంటుంది. బొటనవేలు నరికితే 20 షిల్లింగులు, దాని గోరు ఊడగొడితే 3, చెవి తెగ్గొడితే 12, ముందుపళ్లలో ఒక్కోదానికి 6. మనకిది క్రూరంగా అనిపించొచ్చు. కానీ ఆ డబ్బు లేకపోతే అక్కడ రెండు కుటుంబాలు తరాల తరబడి నరుక్కుంటాయి. నేరస్తుణ్ణి ఏడిపించడం కంటే దెబ్బతిన్నవాడి నష్టం పూడ్చడమే ఆ పట్టీ చూసుకున్న పని. 'బోట్' అనే ఈ మాట మనం రోజూ అనే 'బెటర్'కి తోబుట్టువు. బాగుచేయడం అన్నదే దాని మూలం. ఆ 'బోటే' తర్వాత 'బూట్' అయింది. ఇప్పటికీ ఇంగ్లీషులో 'టు బూట్' అంటే 'అది చాలక పైన ఇంకోటి' అని. ముసలెద్దును ఇచ్చి కోడెను తోలుకెళ్లేవాడు పైన చేతిలో పెట్టే డబ్బు కూడా వాళ్లకి బూటే. రెండు పక్కలా సరితూగాలి కదా. మన కొసరు దానికి దగ్గర చుట్టం. అలాంటి మాటకి 'పరిహార న్యాయం' అని కోర్టు కోటు తొడిగితే ఎలా?

'ఫైన్' కూడా అంతే. లాటిన్‌లో ముగింపు అనే మాట నుంచి వచ్చింది. డబ్బు కట్టి గొడవ ముగించుకోవడం అన్నమాట. మనకి తీర్పు వచ్చింది 'తీరు' నుంచే. అప్పు తీరింది, తగువు తీరింది అంటాం చూడు.

'జస్ట్', 'ఎడ్జస్ట్' అనే జంట నాకు మరీ ఇష్టం. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో 'జస్ట్ వెయిట్స్' అంటే సరిగ్గా తూగే రాళ్లు. సీసపు అక్షరాల రోజుల్లో మా ప్రెస్సులో కంపోజిటర్ ఒకాయన ఉండేవారు. అక్షరాలు పేర్చే కంపోజింగ్ స్టిక్ ఎడమచేత్తో పట్టుకుని, వరుస చివర ఖాళీ మిగిలితే మాటల మధ్య పల్చటి సీసపు రేకులు ఒక్కొక్కటే దూర్చేవారు. వేలితో నొక్కితే వరుస కదలకూడదు. అప్పుడు 'జస్టిఫై అయింది' అనేవారు. ఆ మాటలోని కొలత నాకు అక్కడ అర్థమైంది, డిక్షనరీలో కాదు. 'ఎడ్జస్ట్' మాత్రం వేరే ఇంటి బిడ్డ. 'దగ్గరికి చేర్చు' అనే లాటిన్ మాట ఫ్రెంచి మీదుగా వచ్చింది. వినడానికి ఒకేలా ఉండటంతో జనం దాన్ని 'జస్ట్'తో కలిపేశారు. బస్సులో 'కాస్త ఎడ్జస్ట్ అవ్వండి' అంటూ మనవాళ్లు పక్కకి జరగమంటారే, తెలియకుండానే ఆ పాత అర్థానికి ఎంత దగ్గరగా వెళ్లారో!

'రైట్' అంటే తిన్ననిది, 'రాంగ్' అంటే మెలితిరిగినది. మనకి చక్కన, వంకర ఉండనే ఉన్నాయి. 'ఫెయిర్' ముందు అందం, తర్వాతే ధర్మం. దీనికి 'ఒప్పు' వాడి చూడు. ఒప్పులకుప్పలో ఉన్నది అందమే, తప్పొప్పుల్లో ఉన్నదీ ఆ మాటే.

ఏడో పేజీలో ముసలి రైతు పొరుగువాడితో 'ఎట్ వన్' అయ్యాడని మూలంలో ఉంది. చేసిన తప్పుకి ప్రాయశ్చిత్తం చేసుకోవడం అనే 'అటోన్' పుట్టింది ఆ రెండు మాటలు కలిసే. నువ్వు 'న్యాయం పొందాడు' అని రాశావు. పాపం, ఆ ముసలాయన కోర్టుకెక్కడ వెళ్లాడు? ఇద్దరూ ఒకటయ్యారు, అంతే. ముందు ఆ ఒక్క పేజీ తిరగరాసి పంపు. 'న్యాయం' అన్న మాట ఒక్కసారి కూడా వాడకుండా రాయి. మిగతా పేజీలు నువ్వు ఊరొచ్చినప్పుడు కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య