పాఠకుల ప్రశ్నలు: తీరిన బాకీ సిబిల్‌లో తీరలేదు

ప్రశ్న: ట్రాక్టర్ లోన్‌కు పోతే సిబిల్ బాగా లేదన్నరు. బైక్ లోన్ 2022లోనే కట్టేసిన, బాకీ లేదని కంపెనీ ఇచ్చిన ఎన్‌వోసీ కూడా ఉన్నది. రిపోర్టులో మాత్రం ఇంకా నడుస్తున్నట్టు, 1,180 రూపాయల బకాయి ఉన్నట్టు చూపిస్తున్నది. నేనెన్నడూ తీసుకోని గోల్డ్ లోన్ ఒకటి కూడా నా పేరు మీద ఉన్నది. ఎవరిని అడగాలె?
– ఒక రైతు, నర్సంపేట

జవాబు: సిబిల్ అంటే మన అప్పులు, కిస్తీల చరిత్ర రాసిపెట్టి, దాన్నిబట్టి స్కోరు ఇచ్చే సంస్థ. ముందు బైక్ లోన్ సంగతి. ఇంత చిన్న మొత్తం కిస్తీ అయ్యే అవకాశం తక్కువ. చెక్కు వెనక్కి వచ్చినప్పుడు వేసిన చార్జీ ఖాతాలో మిగిలిపోయి ఉండొచ్చు. ‘పోనీలే, వెయ్యే కదా’ అని తొందరపడి కట్టేయకండి. ఇప్పుడు కడితే ఇన్నాళ్లూ బాకీ ఉన్నట్టు మీరే ఒప్పుకున్నట్టవుతుంది. కట్టినంత మాత్రాన పాత నెలల ఆలస్యం చెరిగిపోదు కూడా. రిపోర్టులో ప్రతి నెల కింద ‘డీపీడీ’ అని గడి ఉంటుంది, అంటే కిస్తీ ఎన్ని రోజులు దాటిందో ఆ లెక్క. 000 ఉంటే సమయానికి కట్టినట్టు, ఎక్స్‌ఎక్స్‌ఎక్స్ ఉంటే ఆ నెల సమాచారం రాలేదన్నట్టు. లోన్ మూసిన తేదీ తర్వాతి గడుల్లో 30, 60, 90 అంకెలుంటే మీ స్కోరును కిందికి లాగుతున్నవి అవే.

ఫైనాన్స్ కంపెనీ నుంచి పూర్తి అకౌంట్ స్టేట్‌మెంట్ తీసుకోండి. దానితో పాటు ఎన్‌వోసీ, చివరి రసీదు జతచేసి కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నంబరు తీసుకోండి. అదే రోజు సిబిల్ వెబ్‌సైట్‌లో డిస్ప్యూట్, అంటే రిపోర్టులో తప్పుందన్న అభ్యంతరం, పెట్టండి. రిపోర్టు మీదున్న కంట్రోల్ నంబరు (ఆ రిపోర్టు గుర్తింపు సంఖ్య) దగ్గర పెట్టుకోండి. ఒక్క మాట: సిబిల్ తనంతట తాను అంకె మార్చలేదు, అప్పిచ్చినవాళ్లు ఒప్పుకుంటేనే మారుస్తుంది. అందుకే రెండు చోట్లా పెట్టమనేది.

ఇక గోల్డ్ లోన్. మొదట రిపోర్టులో పైనున్న వ్యక్తిగత వివరాలు చూడండి. తెలియని ఊరి చిరునామా, మీది కాని ఫోన్ నంబరు కనిపిస్తే వేరే మనిషి ఖాతా మీ ఫైల్లో కలిసి ఉండొచ్చు. మన దగ్గర బడిలో చేర్చేటప్పుడు పంతులు వేసిన పుట్టినతేదీలే ఎక్కువ. పేరూ తేదీ ఒకటే అయి, పాత లోన్‌కు పాన్ ఇవ్వకపోతే ఇట్లా కలిసిపోతుంది. డిస్ప్యూట్‌లో ‘ఈ ఖాతా నాది కాదు’ అనేది ఎంచుకోండి. అలాకాక మీ పాన్‌తోనే లోన్ తీసి ఉంటే అది మోసం. దరఖాస్తు, ఫొటో, కేవైసీ కాగితాల నకళ్లు ఆ సంస్థను అడగండి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి.

మీ ఫిర్యాదు తేల్చడానికి గడువు 30 రోజులు. అందులో 21 రోజుల్లోపు అప్పిచ్చిన సంస్థ సవరణ పంపాలి. 30 దాటితే రోజుకు 100 రూపాయలు మీకు పరిహారంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన, 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అప్పటికీ జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు తేల్చే అధికారికి) ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, ఖర్చు లేదు. వివరాలకు రిజర్వు బ్యాంకు ఫోన్ నంబరు 14448.

సిబిల్ ఒక్కటే కాదు. ఇట్లాంటి రిపోర్టులిచ్చే సంస్థలు ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హై మార్క్ కూడా ఉన్నాయి. ఒక్కో దాంట్లో ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితం. నాలుగూ తీసి చూడండి, ఒకదాంట్లో సరిచేసింది ఇంకోదాంట్లో అట్లనే మిగిలి ఉండొచ్చు.

ప్రశ్న: క్రెడిట్ కార్డు బాకీ సగానికి సెటిల్ చేసుకున్నాను. 8,000 ఇస్తే ‘సెటిల్డ్’ అన్న ముద్ర తీసేస్తానని ఒకాయన అంటున్నాడు. ఇవ్వొచ్చా?
– ఒక ఉద్యోగి, హనుమకొండ

జవాబు: ఇవ్వకండి. అది తప్పు సమాచారం కాదు, డిస్ప్యూట్ పెట్టినా నిలవదు. ఆ 8,000 బ్యాంకుకే కట్టండి. మాఫీ చేసిన మిగతా మొత్తం ఎంతో బ్యాంకును రాతపూర్వకంగా అడిగి, అది కట్టి, నో డ్యూ (బాకీ లేదన్న) సర్టిఫికెట్ తీసుకుని, ఖాతాను ‘క్లోజ్డ్’గా పంపమని కోరండి. ఇప్పుడు బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి సమాచారం పంపాలి కాబట్టి నెలా నెలన్నర ఆగి రిపోర్టు మళ్లీ తీయండి.