నడికట్టు ఎవరిది?

చిరంజీవి తమ్ముడికి,

నీ నవల మూడో అధ్యాయంలో తుర్కిక్ (మధ్య ఆసియా గుర్రపు సంచారుల) నాయకుడి భార్య నడుముకి బంగారు బిళ్లల నడికట్టు పెట్టావు. మనకి వడ్డాణం ఆడవాళ్ల నగ కాబట్టి కలం అటు పోయింది. నీ కథ జరిగే 8వ శతాబ్దపు మంగోలియా, దాని పక్కనున్న ఆల్తాయ్ పర్వతాల గడ్డిమైదానాల్లో ఆ నడికట్టు ప్రధానంగా మగవాడిది. ఆడవాళ్ల సమాధుల్లో అరుదుగా దొరికింది గానీ, హోదా చాటేది మగవాడి నడుము మీదే. దాన్ని అతనికిచ్చేయ్.

ఇస్తే వివరంగా ఇవ్వు. తోలు పట్టీ, ముందు బకిల్, వరసగా లోహపు బిళ్లలు, చివర నాలుకలాంటి కొనబిళ్ల. కొన్ని బిళ్లలకి కింది అంచున సన్నటి చీలిక ఉంటుంది. అందులోంచి చిన్న తోలుపట్టీలు వేలాడతాయి. వాటికి కత్తి, సంచి కడతారు. 'బంగారు నడికట్టు మెరిసింది' అంటే పాఠకుడికి ఏమీ కనబడదు. గుర్రం దిగుతుంటే ఆ పట్టీలు ఊగి, సంచి తొడకి తగలనీ. బిళ్ల బంగారమా, బంగారు పూత వేసిన వెండా, ఉత్త కంచా అన్నదీ చెప్పు, మనిషి స్థాయి అక్కడే తెలుస్తుంది. తవ్వకం దృశ్యంలో మాత్రం తోలు ఉంచకు. అది చివికిపోతుంది, బిళ్లలే నడుము చుట్టూ వరసగా మిగులుతాయి.

చెవిపోగు దొరికింది కాబట్టి ఆడమనిషి సమాధి అని నీ పాత్ర తేల్చేయడం ఇంకో పొరపాటు. మన తాతలు పోగులు పెట్టుకోలేదా? ఆల్తాయ్, దాని పక్కనున్న తువా ప్రాంతపు తుర్కిక్ రాతి విగ్రహాల్లో మీసాలుండి కత్తి కట్టిన మగవాళ్ల చెవులకీ పోగులున్నాయి. నేటి ఉజ్బెకిస్తాన్‌లోని సమర్కంద్ దగ్గరి అఫ్రాసియాబ్ శిథిలాల్లో 7వ శతాబ్దపు గోడ చిత్రాల్లో తుర్కిక్ మగవాళ్లకి పొడవాటి జడలు. కాబట్టి ఆ తీర్పు కటి ఎముక చూసి చెప్పించు, నగ చూసి కాదు.

కిప్చాక్‌ల విగ్రహాలు చూసి రాసిన పేరా తీసెయ్. వాళ్లూ తుర్కిక్ సంచారులే గానీ, 11-13 శతాబ్దాల నల్లసముద్రపు మైదానాల వాళ్లు. కణతల దగ్గర బరువైన అలంకారాలు, తల మీద టోపీ, బొడ్డు దగ్గర రెండు చేతులతో పట్టుకున్న గిన్నె, ఇవన్నీ ఆ ఆడ విగ్రహాలవి. నీ కథకి రెండు వందల ఏళ్లు పైగా దూరం. ఎర్రరాళ్లు పొదిగిన వెండి నగలు ఇంకా దూరం, అవి ఎక్కువగా 19వ శతాబ్దపు తుర్కమెన్‌లవి.

నాయకుడి భార్యకి పోగులు, పూసల దండ, సంచిలో చైనా కంచు అద్దం పెట్టు. అద్దం నిండుగా ఉండక్కర్లేదు. సమాధుల్లో పగిలిన ముక్కలూ దొరుకుతాయి. అధ్యాయం సరిచేసి పంపు. నడికట్టు వాక్యమే ముందు చూస్తాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య