నల్ల కాగితం మీద తెల్ల సిరా

అమ్ములూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. ఈ వేసవంతా నువ్వు ఇండియానాలోని మన్సీలోనే ఉండిపోయి, పెద్దవాళ్ల ఇళ్లకు తిరిగి పాత ఫోటోలు స్కాన్ చేస్తావట కదా. "ఇంటర్న్‌షిప్ చూసుకోకుండా ఇదేం పని?" అని వాడి టెన్షన్ వాడిది. నాకు మాత్రం తెల్లారేదాకా నిద్ర పట్టలేదు. మన ఇంటి పిల్ల ఈ పని ఎత్తుకుందని గుండె నిండిపోయింది. నేను చేసిన తప్పు నువ్వూ చేస్తావేమోనన్న భయం కూడా పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. చేతులు కడిగి తడి లేకుండా తుడుచుకో, ఫోటోని అంచుల దగ్గరే పట్టుకో. వెనకాల రాయాల్సి వస్తే మెత్తటి పెన్సిల్‌తోనే రాయి. స్కాన్ 600 డీపీఐకి (అంగుళానికి 600 చుక్కలకి) తగ్గకు, వెనక వైపు కూడా స్కాన్ చెయ్యి. పాతకాలం గాజు నెగెటివ్ ప్లేట్లు దొరికితే ఒకదాని మీద ఒకటి పేర్చకు, అంచు మీద నిలబెట్టు.

పోస్టుకార్డు మీద అచ్చైన ఫోటోలు చాలా వస్తాయి. స్టాంపు అంటించే గడి చుట్టూ "ఏజో" (AZO, ఆ కాగితం బ్రాండు పేరు) అన్న అక్షరాలుంటే నాలుగు మూలల్లో ఉన్న త్రికోణాలు చూడు. నాలుగూ పైకి చూస్తుంటే ఆ కాగితం 1904 - 1918 మధ్యది. రెండు పైకి, రెండు కిందికి ఉంటే ఆ తర్వాతది. కానీ అది కాగితం వయసే తల్లీ, ఫోటో వయసు కాదు. పాత కాగితం డ్రాయర్‌లో ఏళ్లు ఉండి, ఆ తర్వాత కూడా వాడి ఉండొచ్చు.

ఇక నా భయం. ఎవరింట్లోనూ బేస్‌మెంట్‌లోకి ఒక్కదానివే దిగకు. రేకు డబ్బాలో జిగటగా అతుక్కుపోయిన ఫిల్ములు గానీ, గోధుమరంగు పొడి గానీ కనిపిస్తే ముట్టుకోకు, ఇంటికి తేకు. 1950లకు ముందు ఫిల్ముల్లో చాలావాటికి నైట్రేట్ అనే మండే పదార్థం వాడేవారు. అది పాడైపోతే కొద్దిపాటి వేడికే అంటుకుంటుంది, ఆర్పడం కష్టం. లైబ్రరీ వాళ్లకు ఫోన్ చెయ్యి, వాళ్లే చూసుకుంటారు. వెనిగర్ వాసన వస్తే అది వేరే రకం ఫిల్ము, అంత తేలిగ్గా అంటుకోదు, కానీ కిటికీలు తెరిచి కూర్చో. ఈ రెండూ మర్చిపోయావంటే నీతో మాట్లాడను.

మన్సీ ఊరి సంగతి నీకు ఎంత తెలుసో నాకు తెలియదు. 1880లలో అక్కడ సహజవాయువు పడింది. చవగ్గా మంట దొరుకుతుందని గాజు కర్మాగారాలు వచ్చాయి, బఫెలో నుంచి గాజు జాడీలు చేసే బాల్ సోదరులూ వచ్చారు. 1918లో అక్కడి కాలేజీని రాష్ట్రానికి ఇచ్చింది వాళ్లే. నువ్వు చదివే యూనివర్సిటీకి బాల్ స్టేట్ అన్న పేరు అలా వచ్చింది. 1991లో పెళ్లై ఈ దేశం వచ్చిన మొదటి చలికాలం, మా అమ్మ కట్టి పంపిన ఆవకాయ నేను పోసుకున్నది బాల్ జాడీలోనే. గాజు మీద ఉబ్బెత్తుగా ఉన్న ఆ అక్షరాలు వేలితో తడుముతూ తినేదాన్ని.

1924లో సమాజాన్ని అధ్యయనం చేసే లిండ్ దంపతులు ఆ ఊరికి వచ్చి, జనం ఏం తింటారో, ఎలా బతుకుతారో రాసుకున్నారు. ఊరి పేరు దాచి "మిడిల్‌టౌన్" అన్నారు. 1937లో మార్గరెట్ బర్క్-వైట్ వచ్చి లైఫ్ పత్రిక కోసం డబ్బున్నవాళ్ల ఇళ్లూ పేదల ఇళ్లూ ఫోటోలు తీసింది. అంతా మన్సీని అమెరికాకే నమూనా అన్నారు. కానీ లిండ్‌లు నల్లవాళ్ల కుటుంబాలను లెక్కలోంచి తీసేశారు. నా తప్పు ఎందుకంత పెద్దదో తెలియాలంటే ఈ సంగతి నీ మనసులో ఉండాలి.

2003లో నేను ఒక చిన్న చరిత్ర సంఘంలో వాలంటీర్‌గా చేసేదాన్ని. నల్లవాళ్లు ఎక్కువగా ఉండే వైట్లీ పేట నుంచి ఎనభై దాటిన ఒక పెద్దావిడ ఆల్బమ్ ఇచ్చింది. వాళ్ల నాన్న ఆదివారాలు కెమెరా పట్టుకుని తిరిగేవాడట. చర్చి మెట్ల మీద పిల్లలు, ఐసు పెట్టె పక్కన నిలబడ్డ కుర్రాడు, తలుపు వారగా సగమే కనిపించే ఏప్రన్ వేసుకున్న ఆడమనిషి. మొత్తం అరవై మూడు ఫోటోలు. నల్లటి పేజీలు అంచుల దగ్గర రాలిపోతున్నాయి, ముట్టుకుంటే వేళ్లకు మసి. నేను చాలా శ్రద్ధగా ఫోటోలన్నీ ఊడదీసి, వీధులు, పిల్లలు, చర్చి, దుకాణాలు అని విడదీసి కొత్త కవర్లలో పెట్టాను. పాడైపోయిన పేజీలు ఎందుకని చెత్తలో వేసేశాను.

ప్రతి ఫోటో కింద తెల్ల సిరాతో ఏదో రాసి ఉంది. చూశాను. "తర్వాత ఆవిణ్ణి అడిగి రాసుకుందాంలే" అనుకున్నాను.

మూడు వారాల తర్వాత కవర్లు తీసుకెళ్లి ఆవిడకి చూపించాను. ఆవిడ ఒక్కో ఫోటో చూస్తూ, దాని కింద అంచు వెంట బొటనవేలు జరుపుతోంది. కాసేపటికి తలెత్తి, "నాన్న రాసినవి ఏవమ్మా?" అంది. ఇప్పుడు కూడా రాయలేకపోతున్నాను. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. నాకు టీ ఇచ్చింది. గుర్తు చేసుకుని పదకొండు ఫోటోలకు పేర్లు చెప్పింది, నేను రాసుకున్నాను. ఆ చలికాలంలోనే ఆవిడ పోయింది.

అందుకే చెప్తున్నా, నీ మీద కోప్పడైనా చెప్తున్నా. ఆల్బమ్‌లోంచి ఒక్క ఫోటో కూడా ఊడదీయకు. ముందు పేజీ మొత్తం, అంచులతో సహా, ఫోటో తీసుకో. వాళ్లు మాట్లాడుతుంటే ఫోన్‌లో రికార్డు చెయ్యి, అనుమతి అడిగి చెయ్యి. పేర్ల సంగతి "వచ్చేవారం" అనుకోకు. స్కానర్ పాడైతే బాగు చేయించుకోవచ్చు, ఎనభై ఏళ్ల మనిషిని ఈ రోజే అడగాలి. పెట్టింది తినమంటే తిను, తొందరపడి లేవకు. నీ మొహమాటం నాకు తెలుసు.

అసలు ఫోటోలు అప్పుడే ఆ పెద్దావిడ కూతురికి ఇచ్చేశాను. కాపీలు నా దగ్గర బీరువాలో ఉన్నాయి. ఐసు పెట్టె పక్కన కుర్రాడి ఫోటో కింద రాసిన దాంట్లో మొదటి మాట "మంగళవారం" అని నాకు గుర్తుంది. ఆ తర్వాత ఉన్నది అతని పేరే అనుకుంటాను. శనివారం వస్తే ఆ కాపీలు నీకిస్తాను. వైట్లీలో నువ్వు వెళ్లే మొదటి ఇంట్లో, నీ స్కానర్ తీయక ముందు, ఆ కుర్రాణ్ణి చూపించి అడుగు. గోంగూర పప్పు చేసి ఉంచుతాను, ఖాళీ కడుపుతో డ్రైవ్ చేసుకుంటూ రాకు.

నీ అత్త