ముసురులో 5 కిలోమీటర్ల పరుగు: మీ సందేహానికి సమాధానం

అమలాపురంలో పిల్లల వైద్యం కోసం విరాళాలు సేకరించే 5 కిలోమీటర్ల పరుగుకు పేరు ఇచ్చారనీ, అల్పపీడనంతో ముసురు పట్టడం వల్ల మానుకోవాలా అని సందేహిస్తున్నారనీ రాశారు. వాన ఒక్కటే అయితే మానుకోవద్దండి. ఉరుము వినిపిస్తే మాత్రం, చుట్టూ ఎంతమంది పరుగెడుతున్నా మీరు ఆగి, కొబ్బరిచెట్ల కిందకు కాక పక్కా భవనంలోకి వెళ్లి, చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు అక్కడే ఉండండి.

కాలువగట్టు మీద జారిపోతానేమోనన్న మీ భయం సరైనదే. మన డెల్టాలోని ఒండ్రు బంకమన్ను తడిస్తే బూటు అడుగున గాడుల్లో పేరుకుని పట్టు లేకుండా చేస్తుంది కాబట్టి, గట్టు మీద నీటి అంచుకు దూరంగా, చిన్న చిన్న అడుగులు వేస్తూ, వేగం సంగతి మరిచి సాగండి. మలుపుల దగ్గర నడిచినా తప్పులేదు, విరాళం మీరు చేరిన సమయాన్ని బట్టి తగ్గదు. నూలు బనియను నీరు పీల్చి బరువెక్కి ఒంటిని ఒరుస్తుంది కనుక పాలియెస్టర్ చొక్కా వేసుకుని, తొడలకూ చంకలకూ వాజిలిన్ రాసుకోండి. కాలికి పుండు గానీ గీరుకున్న గాయం గానీ ఉంటే నిలవనీటిలో అడుగు పెట్టకండి, ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి లెప్టోస్పైరోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు సోకే దారి అదే. పరుగు ముగియగానే పొడి బట్టలు కట్టుకోండి. బూట్లలో పాత దినపత్రికలు కుక్కితే తడి లాగేస్తాయి.