ఫిషింగ్ లిస్టు ఫ్రీ, స్పామ్ లిస్టుకి డబ్బులా?

ప్రశ్న: తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర మాది చిన్న లాడ్జి సార్. బుకింగులకి సొంత మెయిల్ సర్వర్ ఉంది. దాన్ని చూసుకునే పిల్లోడు ఫిషింగ్ లిస్టు ఫ్రీ, మంచి స్పామ్ లిస్టుకి మాత్రం డబ్బు కట్టాలంటాడు. రెండూ దొంగ మెయిళ్లే కదా, తేడా ఏంది?

జవాబు: పిల్లోడు చెప్పింది నిజమేనండి. ఈ లిస్టుల్లో దొంగల అడ్రసులుంటాయి, వాటిని చూసి సర్వర్ ఆపేస్తుంది. స్పామ్ అంటే అడక్కుండా గుంపుగా వచ్చే మెయిళ్లు, తలనొప్పి; ఫిషింగ్ అంటే అసలోళ్లలా నటించి డబ్బు కాజేసేది, జేబుకి చిల్లు. కొండమీద రూమ్ ఇస్తామని దేవస్థానం సైటు లాగే ఉండే దొంగ పేజీ పొద్దున లేస్తే సాయంత్రానికి ఎవరో ఒకరు డబ్బు పంపేసుంటారు, ఆ అడ్రసు ఒక్కరే దాచుకుంటే ఏం లాభం, ఎన్ని సర్వర్లలో పడితే అంత మంచిది. 2006లో మొదలైన ఫిష్‌ట్యాంక్ అట్లాంటి ఫ్రీ లిస్టే, జనమే లింకులు పంపి ఓట్లేసి తేలుస్తారు.

స్పామ్ లిస్టు కథ వేరు. ఎవరూ వాడని మెయిల్ ఐడీలు ఎరగా పెట్టి, వాటికి ఎవడు మెయిల్ కొడతాడో చూసి ఆ ఐపీ (పంపిన మెషీన్ నెట్ నంబరు) రాసుకోవాలి, బాగుపడినోణ్ణి తీసెయ్యాలి, రోజూ ఇదే పని. పైగా మెయిల్ వచ్చినప్పుడల్లా పంపినోడి ఐపీని మీ సర్వర్ తిరగేసి, డీఎన్ఎస్‌లో (నెట్‌లో పేర్లకి నంబర్లు చెప్పే వ్యవస్థ) ఆ లిస్టు వాళ్లని అడుగుతుంది, 127.0.0.2 లాంటి జవాబొస్తే దొంగ లెక్క. ఇన్ని ప్రశ్నలకి జవాబిచ్చే ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? పెద్ద కంపెనీల దగ్గర వసూలు చేసి ఫిషింగ్ డేటా ఊరికే పంచితే నాకైతే న్యాయమే అనిపిస్తుంది.

స్పామ్ లిస్టులు నడిపే స్పామ్‌హౌస్ వాళ్లు వ్యాపారం కాని చిన్న వాడకానికి ఊరికే ఇస్తారు, మీది లాడ్జి కాబట్టి రూల్స్ చదవండి. అన్నట్టు అందరూ వాడే గూగుల్ డీఎన్ఎస్ 8.8.8.8 ద్వారా అడిగితే వాళ్లు 127.255.255.254 అని ఎర్రర్ పంపుతారు, దాన్ని స్పామ్ అనుకుంటే మీ సర్వర్ బుకింగు మెయిళ్లన్నీ వెనక్కి కొట్టేస్తుంది, ముందు పిల్లోణ్ణి అది చూడమనండి.