ఆర్మీ నుంచి రిటైరయ్యాక నేరుగా ఎంపీగా పోటీ చేయొచ్చా?

ఈ ప్రశ్న అడిగిన తమ్ముడు ఇంకా ఆర్మీ సర్వీసులోనే ఉన్నాడు, ర్యాంకు నాయక్ (జవాన్ల ర్యాంకుల్లో ఒకటి). వయసు 36, ఇంకో ఏడాదిలో పెన్షన్ వస్తుందట. ఊళ్ళో వాళ్ళు రాజకీయాల్లోకి రమ్మంటున్నారు, సర్పంచి గిర్పంచి కాకుండా నేరుగా ఎంపీకే నిలబడదామనుకుంటున్నాను, ఇప్పటినుంచే ఏదైనా పార్టీలో చేరవచ్చా అని రాశాడు. నేను సుబేదారుగా (నాయక్ కంటే పై ర్యాంకు) దిగిపోయినవాణ్ణి. మాది ప్రకాశం జిల్లా పడమటి వైపు, వీధికి ఇద్దరు ముగ్గురు ఫౌజీలు ఉండే ప్రాంతం. రిటైరయ్యాక ఒక కల్నల్ గారు లోక్‌సభకు ఇండిపెండెంటుగా నిలబడితే నామినేషన్ నుంచి కౌంటింగ్ దాకా ఆయన వెంటే తిరిగాను. ఆ చనువుతో నువ్వు అనేస్తున్నా, ఏమీ అనుకోకు.

ముందు చివరి ప్రశ్నకు జవాబు: చేరకూడదు. ఆర్మీ రూల్స్ 1954లో 20వ రూల్ చూడు. పార్టీలో చేరడమే కాదు, చందా ఇవ్వడం, పార్టీ మీటింగుకు వెళ్ళడం, ఫలానా ఎన్నికలో నేను నిలబడబోతున్నానని చెప్పుకోవడం, ఎవరైనా నీ పేరు అలా ప్రకటిస్తుంటే ఊరుకోవడం, అన్నీ నిషేధమే. సెలవులో వచ్చినప్పుడు బావమరిది నీ ఫొటోతో ఫ్లెక్సీ కట్టాడనుకో, 'నాకు తెలియదు సార్' అంటే యూనిట్‌లో ఎంతవరకు చెల్లుతుందో నీకే తెలుసు. ఓటు వేసుకోవచ్చు, అంతవరకే. చేతికి డిశ్చార్జి బుక్ (సర్వీసు నుంచి విడుదల చేసినట్టు ఇచ్చే పుస్తకం) వచ్చాక మాత్రం మర్నాడే కండువా కప్పుకున్నా ఎవరూ ఆపలేరు. ఇన్నేళ్ళు ఆగాలనే చట్టమేదీ లేదు. ఎయిర్ చీఫ్ మార్షల్‌గా చేసిన భదౌరియా గారు 2021లో దిగిపోయి 2024 మార్చిలో పార్టీలో చేరారు.

ఆ డిశ్చార్జి బుక్‌లో ఏం రాసుందన్నది కూడా ముఖ్యమే. 2019లో వారణాసిలో ప్రధాని మీద నామినేషన్ వేసిన తేజ్ బహదూర్ యాదవ్ గుర్తున్నాడా? తిండి బాగాలేదని వీడియో పెట్టిన బీఎస్ఎఫ్ జవాను. ఉద్యోగం నుంచి డిస్మిస్ అయినవాళ్ళు ఐదేళ్ళ లోపు పోటీ చేయాలంటే, తమను తీసేసింది అవినీతికో దేశద్రోహానికో కాదని ఎన్నికల సంఘం నుంచి సర్టిఫికెట్ తెచ్చి జతచేయాలి. అది లేదని ఆయన నామినేషన్‌ను స్క్రూటినీలో, అంటే పత్రాల పరిశీలనలో, కొట్టేశారు. సుప్రీంకోర్టు దాకా వెళ్ళినా లాభం లేకపోయింది. కాబట్టి ఈ ఆఖరి ఏడాది ఎవరితోనూ గొడవ పెట్టుకోకు.

ఇంటికి రాగానే చేయాల్సిన పని ఓటు మార్చుకోవడం. నీ పేరు ఇప్పుడు సర్వీస్ ఓటర్ల జాబితాలో ఉంటుంది. దాన్ని తీయించుకుని ఫారం 6తో మామూలు జాబితాలో ఎక్కాలి. లోక్‌సభకైతే దేశంలో ఎక్కడ ఓటున్నా ఎక్కడైనా నిలబడవచ్చు గానీ, ఓటంటూ ఒకటి ఉండాలి కదా.

ఇక కల్నల్ గారి సంగతి. మంచి మనిషి, కార్గిల్ టైములో పనిచేసినవారు, ఇంగ్లిషూ హిందీ తెలుగూ గడగడా మాట్లాడతారు. గుర్తింపు ఉన్న పార్టీ అభ్యర్థిని ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు, ఇండిపెండెంటుకు పదిమంది కావాలి. ఆ పదిమందికీ అదే నియోజకవర్గంలో ఓటుండాలి. మేం తెచ్చినవాళ్ళలో ఒక ముసలమ్మ ఉంది, ఆమెకు సంతకం రాదు. వేలిముద్ర అయితే అధికారి ఎదుట వేయించి ధ్రువీకరించుకోవాలి. ఇంట్లో వేయించి తెస్తే చెల్లదు. కలెక్టరేటు వరండాలో మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టాం. ఆమె కల్నల్ గారి వంక తిరిగి, "నీది ఏ గుర్తు నాయనా?" అంది. గుర్తు ఇంకా రాలేదమ్మా అన్నారాయన. "గుర్తు లేకుండా ఓటెట్టా అడుగుతావు?" అంది.

ఆ ముసలమ్మకు తెలిసిన సంగతి మాకు తర్వాత తెలిసొచ్చింది. ఇండిపెండెంటుకు గుర్తు కేటాయించేది నామినేషన్ల ఉపసంహరణ గడువు అయ్యాకే. అక్కడి నుంచి పోలింగుకు చేతిలో ఉండేది రెండు వారాలు, మహా అయితే ఇంకొన్ని రోజులు. ఆంధ్రాలో ఒక్కో లోక్‌సభ స్థానానికి సగటున 16 లక్షలకు పైగా ఓటర్లు, ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు, 1,800కు పైగా పోలింగ్ కేంద్రాలు. గుర్తు పేరు చెప్పుకుంటూ మండలాలన్నీ ఒకసారి తిరిగేసరికే ప్రచారం ముగిసింది. మాజీ సైనికులే నా బూత్ ఏజెంట్లు అని ఆయన ధీమాగా ఉన్నారు. తీరా అడిగితే ఒకాయన తమ్ముడు అధికార పార్టీ మండల ప్రెసిడెంటు, ఇంకొకాయన అల్లుడు కాంట్రాక్టరు. "సార్ అంటే గౌరవమే, కానీ..." అని తల గోక్కున్నారు. సగానికి పైగా బూత్‌లలో మాకు మనిషే లేడు. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతుకు మించి వస్తేనే డిపాజిట్ 25 వేలు వెనక్కి వస్తుంది. మేం దాని దరిదాపుల్లోకి కూడా వెళ్ళలేదు.

ఆయనలో నాకు నచ్చని పని ఒకటుంది, చెప్పకపోతే నిజాయితీ కాదు. ఊళ్ళోకి వెళ్ళగానే "సమస్య ఏమిటో రెండు ముక్కల్లో చెప్పండి" అనేవారు. యూనిట్‌లో అది పద్ధతి. ఊళ్ళో మనిషి మాత్రం తాతల నాటి పొలం గట్టు తగాదాతో మొదలుపెట్టి, పెద్దకొడుకు అప్పు మీదుగా, ఆగిపోయిన పింఛను దగ్గరికి వస్తాడు. అంతసేపు వినాలి. మిలిటరీ ఆయన వచ్చాడంటే లేచి కుర్చీ వేస్తారు, క్యాంటీన్ కోటాలో ఒక బాటిల్ దొరుకుతుందా అని చెవిలో అడుగుతారు. ఓటు సంగతి వేరే.

పెద్ద పేర్లు చూసినా ఇదే కనబడుతుంది. జనరల్ జేజే సింగ్ దేశానికి ఆర్మీ చీఫ్‌గా చేశారు, అరుణాచల్ గవర్నర్‌గా చేశారు. 2017లో పటియాలాలో అసెంబ్లీకి నిలబడితే డిపాజిట్ పోయింది. గెలిచినాయన అమరీందర్ సింగ్, సైన్యంలో కెప్టెన్ దగ్గరే ఆగిపోయినాయన! అయితే 1980లోనే అక్కడి నుంచి ఎంపీ అయ్యారు, పైగా ఆ ఊరి రాజవంశం. జనరల్‌కీ కెప్టెన్‌కీ మధ్య తేడా ఏమిటో బ్యాలెట్ పెట్టె చూడదు.

'మరి వీకే సింగ్?' అంటావు. నిజమే, 2012 మే నెలాఖరులో చీఫ్‌గా దిగిపోయి, 2014లో ఘాజియాబాద్‌లో ఐదున్నర లక్షలకు పైగా మెజారిటీతో గెలిచి నేరుగా కేంద్రమంత్రి అయ్యారు. ఆయన సొంతూరు హర్యానాలో, గెలిచింది యూపీలో. అది అంతకుముందు రాజ్‌నాథ్ సింగ్ గెలిచిన సీటు, పార్టీకి గట్టి స్థానం. 2013 సెప్టెంబరులో రేవాడీలో జరిగిన మాజీ సైనికుల సభలో మోదీ పక్కన వేదిక మీద కనిపించారు. ఒకే ర్యాంకుకు ఒకే పెన్షన్ కోసం మాజీ సైనికులు ఊగిపోతున్న రోజులవి. పార్టీకి అప్పుడు అలాంటి ముఖం కావాలి. నాయక్‌గా దిగిన నీకోసం, సుబేదారుగా దిగిన నాకోసం ఏ పార్టీ అలా సీటు ఖాళీ చేయదు తమ్ముడూ.

నువ్వు చూడాల్సింది మన ఉత్తమ్ కుమార్ రెడ్డి గారి దారి. పార్టీ నీకు నచ్చినా నచ్చకపోయినా సరే. ఎయిర్ ఫోర్స్‌లో మిగ్-21, మిగ్-23 నడిపారు, తర్వాత రాష్ట్రపతి భవన్‌లో పనిచేశారు. ఢిల్లీ పరిచయాలకు లోటేమీ లేదు. అయినా 1994లో కోదాడ అసెంబ్లీకి నిలబడ్డారు, ఓడిపోయారు. 1999లో మళ్ళీ అక్కడే నిలబడి గెలిచారు, 2004లోనూ అంతే. ఆ తర్వాత పక్కనే హుజూర్‌నగర్‌లో మూడుసార్లు. నల్లగొండ ఎంపీ అయింది 2019లో. మొదటి పోటీకీ లోక్‌సభకీ మధ్య పాతికేళ్ళు. కోదాడ, హుజూర్‌నగర్ రెండూ నల్లగొండ లోక్‌సభ కిందికే వస్తాయి. ఏడు సెగ్మెంట్లలో రెండింటిని ఏళ్ళ తరబడి సొంతం చేసుకున్న మనిషి కాబట్టి పార్టీ కూడా ధైర్యంగా టికెట్ ఇచ్చింది.

నాకు వ్యక్తిగతంగా ఇష్టమైనాయన మేజర్ జనరల్ ఖండూరీ. ఇంజనీర్స్ కోర్ మనిషి. 1991లో సొంత ప్రాంతం గఢ్వాల్ నుంచి ఎంపీ అయ్యి, 1996లో ఓడి, 1998లో మళ్ళీ గెలిచారు. వాజ్‌పేయి హయాంలో రోడ్ల మంత్రి. నెల్లూరు, ఒంగోలు, విజయవాడ మీదుగా వెళ్ళే చెన్నై-కోల్‌కతా హైవే స్వర్ణ చతుర్భుజిలో భాగంగా నాలుగు లేన్లయింది కదా, ఆ పని ఊపందుకుంది ఆయన చేతుల మీదుగానే. సైన్యంలో నేర్చినది రాజకీయాల్లో అంత సూటిగా పనికొచ్చిన మనిషి ఇంకొకరు నాకు తట్టడం లేదు. అలాంటాయన కూడా 2012లో ఉత్తరాఖండ్ ముఖ్యమంత్రిగా ఉండి, పార్టీ మొత్తం ఆయన పేరు మీదే ఎన్నికలకు వెళ్తే, కోట్‌ద్వార్‌లో తానే ఓడిపోయారు.

ఈ పేర్లన్నీ అధికారులవే అని నువ్వు గమనించే ఉంటావు. జవాన్లు ఢిల్లీ చేరడం అరుదు, అందులో దాపరికం లేదు. కానీ అధికారులకు లేనిది నీకొకటుంది: వయసు. జనరల్ దిగేసరికి అరవై. నీకు ముప్పై ఏడు. సర్పంచి గిర్పంచి అని తేలిగ్గా తీసేశావే, నేనైతే అక్కడే మొదలుపెట్టమంటాను. పంచాయతీ ఎన్నిక పార్టీ గుర్తు మీద జరగదు, బీ-ఫారం (పార్టీ తన అభ్యర్థికి ఇచ్చే పత్రం) కోసం ఎవరి గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు. ఆ తర్వాత జెడ్పీటీసీ. అప్పటికి మండలంలో ఏ ఊళ్ళో ఎవరి మాట చెల్లుతుందో తెలుస్తుంది, పార్టీ వాళ్ళే కబురు పెడతారు. ఖర్చు సంగతి విడిగా రాయను. లోక్‌సభ అభ్యర్థికి చట్టం పెట్టిన పరిమితి 95 లక్షలు, నీ గ్రాట్యుటీ ఎంతో నీకు తెలుసు. పెన్షన్ డబ్బు మాత్రం ఇంట్లో అడగకుండా ముట్టుకోకు.

నీది ఏ జిల్లానో రాయలేదు. అమలాపురం, బాపట్ల, తిరుపతి, చిత్తూరు, అటు పెద్దపల్లి, వరంగల్, నాగర్‌కర్నూల్ అయితే ఎస్సీ రిజర్వుడు. అరకు, ఆదిలాబాద్, మహబూబాబాద్ ఎస్టీ. ఆ కోటాలో నువ్వు ఉంటే డిపాజిట్ 12,500 చాలు, పార్టీలు కూడా చదువుకున్న కొత్త ముఖాల కోసం చూస్తుంటాయి. అప్పుడు నేను చెప్పిన లెక్క కొంత మారుతుంది. జిల్లా పేరు రాస్తే మిగతాది మాట్లాడుకుందాం.